కింది నుంచి మొదలు

మా వంటింటి తలుపు వెనక ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో పెత్తనమంతా దానిదే.

మా ఆవిడ ఆసుపత్రిలో వార్డు చూసుకుంటుంది. అక్కడ ఎవరికి మందివ్వాలి, ఎవరికి కట్టు మార్చాలి, ఏ మంచం మీద దుప్పటి తియ్యాలి, అన్నీ కాగితం మీద ఉంటాయట. పని చేశాక దాని మీద గీత కొట్టాలి. గీత లేకపోతే ఆ పని జరగనట్టే. నేను తాపీ పని చేస్తాను. మాకు రాసుకోవడాలుండవు. కట్టిన గోడ కనబడుతుంది, కట్టనిది కనబడదు. అంతకు మించి తెలుసుకోవలసిందేమీ ఉండదు.

కాగితం మా ఇంటికి రావడానికి కారణం నేనే. పాలు తెమ్మంటే తల ఊపుతాను. ఊపిన తల ఊపినట్టే పనిలోకి పోతాను. "మీకు చెప్పడం కన్నా మీరు కట్టిన గోడకి చెప్పడం నయం. అదైనా కాస్త తిరిగి పలుకుతుంది" అంది ఒకరోజు. మర్నాడు తలుపుకి మేకు కొట్టించింది. కొట్టింది నేనే. అది దేనికని అడగలేదు.

మొదట్లో నాకేమీ పాలుపోలేదు. పని చేసి గీత మర్చిపోయేవాడిని. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, గీత లేదని, అదే పని మళ్ళీ చేసేది. ఇంట్లో పాలు రెండింతలయ్యేవి. కుండీలో మొక్క ఇద్దరి చేతా నీళ్ళు తాగి తాగి కుళ్ళిపోయింది. ఇంకోసారి గీత కొట్టి పని మర్చిపోయాను. ఆ వారమంతా చీకట్లో స్నానాలు చేశాం. "గీత ఉంది. బల్బేదీ?" అని ఆవిడ అడిగితే నేను కాగితం వైపూ పైకప్పు వైపూ మార్చి మార్చి చూశాను. రెంటిలో దేన్ని నమ్మాలో తెలియలేదు.

ఇంకో సంగతి ఉంది. అది ఆవిడకి తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. నేను ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చేసుకుపోతున్నాను.

గోడ కట్టేవాడు ఎక్కడ మొదలుపెడతాడు? అడుగున. అడుగు వరస పడితేనే దాని మీద రెండోది. ఎవరైనా పని చూపించి 'ఇదీ పని' అంటే నా కళ్ళు ముందు కిందికే పోతాయి. పుస్తకమైతే పైనుంచే చదువుతాను, బడిలో అలాగే నేర్పారు. కానీ ఇది పుస్తకం కాదు కదా, పని కదా.

చాలా రోజులు తేడా ఏమీ రాలేదు. గ్యాసుకి చెప్పడం ముందా, చెప్పులు కుట్టించడం ముందా అంటే ఎవరికేం? ఒకసారి మాత్రం నేలంతా తడిగుడ్డ పెట్టి తుడిచి, అది ఆరాక చీపురు పట్టుకున్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "తుడిచాక ఊడుస్తారా ఎవరైనా?" అంది. ఇది ఆసుపత్రి పద్ధతి కాబోలనుకుని చేశాను, ఆసుపత్రి మనిషే ఇలా అడుగుతోందేంటి అనుకున్నాను. పైకి ఏమీ అనలేదు. నాతో వచ్చిన చిక్కే అది.

ప్రతి కాగితం మీదా నడిమధ్యన ఒక మాట ఉండేది. 'అక్కతో మాట్లాడాలి.' ఏ వారం కాగితం ఆ వారం చిరిగిపోయేది, ఆ మాట మాత్రం కొత్త కాగితం మీదికి ఎక్కి కూర్చునేది. నేను కింది నుంచి వచ్చి, దాని దగ్గర కాస్త ఆగి, పక్కనుంచి పోయినట్టు దాన్ని దాటి పైదాని మీదికి పోయేవాడిని.

అక్కే నన్ను పెంచింది. అమ్మ పోయేనాటికి నాకు సరిగా నడక కూడా రాదు. నన్ను చంకనేసుకుని బడికి పోయేది. నేను ఏడిస్తే ఆవిడని బయట నిలబెట్టేవారు. అలా ఆవిడ చదువు వరండాలోనే ఆగిపోయింది. నాది సాగింది. అలాంటి మా ఇద్దరికీ బావ బతికుండగానే మాటలు పోయాయి. ఎందుకంటే సరిగా చెప్పలేను. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఆవిడ ఏదో అంది, నేను ఏమీ అనలేదు. లేదంటే ముందు నేనే ఏమీ అనలేదేమో, దానికి ఆవిడ ఏదో అందేమో. బావ పోయినప్పుడు వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎవరో మంచినీళ్ళిచ్చారు. అక్క నా వైపు చూసింది. నేను గ్లాసు వైపు చూశాను.

ఇప్పుడు అక్క ఉంటున్న అద్దె ఇల్లు పడగొడుతున్నారు. బావ చెల్లెలు ఎక్కడో దూరాన ఇంకో ఊళ్ళో ఉంటుంది. తన దగ్గరికే వచ్చెయ్యమందట. సోమవారం పొద్దున్నే సామాన్ల బండి వస్తుంది. ఇదంతా మా ఆవిడ శనివారం చెప్పింది.

"వెళ్ళిందంటే ఇక రాదు. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆవిడకి చేతినిండా పనుంటుంది, అక్కడే పాతుకుపోతుంది. ఇక మీరు గ్లాసు వైపు చూసుకుంటూ కూర్చోండి."

"మన పైగది?" అన్నాను.

గోడ మాట్లాడినట్టు చూసింది. "నేనూ అదే అనుకున్నాను. మీరు అంటారని మాత్రం అనుకోలేదు" అంది.

ఆదివారం ఆవిడకి డ్యూటీ. వెళ్తూ వెళ్తూ కాగితం రాసి మేకుకి గుచ్చింది. పైగదిలోంచి సిమెంటు బస్తాలు దించాలి. బూజు దులపాలి. తలుపుకి గొళ్ళెం బిగించాలి. సున్నం వెయ్యాలి. నేల కడగాలి. మంచం ఎక్కించాలి. పరదా కట్టాలి. అన్నిటికన్నా అడుగున, వదినని తీసుకొచ్చి ఉండమని అడగాలి.

"మీ అక్క సంగతి తెలుసుగా. గుమ్మంలో దుమ్ము కనబడితే చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరుగుతుంది. గది అద్దంలా ఉండాలి. అప్పుడు కాదనలేదు. ఒకదాని తర్వాత ఒకటి చెయ్యండి, అటూ ఇటూ చెయ్యకండి. విన్నారా?"

"ఊఁ."

ఆవిడ వెళ్ళాక కాగితం తీసి చూశాను. అడుగున అక్క సంగతి ఉంది. ఇన్నాళ్ళూ మధ్యలో ఉన్నదాన్ని అడుక్కి దించి పెట్టింది. అంటే ముందు ఇదే చెయ్యాలన్నమాట. గది లేకుండా మనిషిని తేవడమేంటి? రెండుసార్లు కుర్చీలో కూర్చుని లేచాను. కానీ నేల తుడిచాక ఊడ్చే ఇంట్లో ఏదైనా ఉండొచ్చు. చొక్కా వేసుకుని బయల్దేరాను.

వీధి కుళాయి దగ్గర రేడియో సైకిలు కడుక్కుంటున్నాడు. నాకు సిమెంటు మాలు కలిపే మనిషి, నాకన్నా పెద్దవాడు. నోటికి మూత లేదు కాబట్టి ఆ పేరు.

"ఏం మేస్త్రీ, ఆదివారం పూట ఇస్త్రీ చొక్కా? ఎవరినైనా చూడ్డానికా?"

"అక్క దగ్గరికి."

చేతిలో గుడ్డ జారిపోయింది. "మాటలొచ్చాయా!"

"తీసుకురావాలి. రాసుంది." కాగితం ఇచ్చాను. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పైకే చదివాడు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకునేవాళ్ళు కూడా విన్నారు.

"సున్నం, మంచం, పరదా, ఇవన్నీ అయిపోయాయా?"

"ఇంకా లేదు."

"మరి చివరి పనికి బయల్దేరావేంటి?"

"చివరిదేంటి? అడుగుది."

రేడియో కాగితం మడిచి నా జేబులో పెట్టాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రీ, ఇన్నేళ్ళు నీ దగ్గర మాలు కలిపాను. నీకు పిచ్చేం లేదని, అదో రకం మనిషని, అందరికీ నేనే చెబుతూ తిరిగాను. ఇప్పుడు వాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళమంటావా?"

బిందెల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నేను కాగితం తీసి పైకీ కిందికీ చూశాను. పై నుంచి చదివితే ఒకలా ఉంది, కింది నుంచి చదివితే ఇంకోలా ఉంది. నేల సంగతి గుర్తొచ్చింది. తల తిరిగింది. ఇన్నాళ్ళూ నేను ఎన్ని పనులు తలకిందులుగా చేశానో, వాటిలో ఏవి బాగానే వచ్చాయో, ఏవి పాడయ్యాయో ఏమీ తెలియలేదు.

"ఇంటికి పో. బస్తాలు దించు. తర్వాత వెళ్దువుగాని" అన్నాడు రేడియో.

మాట సరైనదే. కానీ ఇంటికి పోతే బస్తాలు దించుతాను, బూజు దులుపుతాను, సున్నం వేస్తాను, పరదా మేకులు కూడా మట్టం చూసి కొడతాను. ఆఖరి పని దగ్గరికి వచ్చేసరికి పొద్దుపోయిందంటాను. నన్ను నేనెరుగుదును. కాళ్ళు వాటంతటవి ఇంతదూరం వచ్చేశాయి, ఇప్పుడు వాటికేమీ చెప్పకూడదు. తప్పని తెలిసే ముందుకి నడిచాను. వెనక నుంచి "మేస్త్రీ! అటు కాదు, ఇటు!" అని రేడియో అరుస్తూనే ఉన్నాడు.

అక్క ఇంట్లో గోడలకి ఏమీ లేవు. పటాలు తీసిన చోట్ల తెల్లగా చదరాలు మిగిలాయి. నేల నిండా మూటలు. అక్క ఒక అట్టపెట్టె మీద మోకాలు పెట్టి తాడు బిగిస్తోంది. తల ఎత్తింది. ఎవరని అడగలేదు. తాడు కొస నా వైపు చాపింది. "ముడి దగ్గర వేలు పెట్టు."

పెట్టాను. ముడి వేసింది. నా వేలు అందులో ఇరుక్కుంది. తియ్యమని నేనూ అనలేదు, తీస్తానని ఆవిడా అనలేదు. చివరికి ఆవిడే వదులు చేసింది.

"రా" అన్నాను.

"ఎక్కడికి?"

"ఇంటికి."

"ఎవరింటికి?"

"మా… మన."

"ఎందుకు?"

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. అక్క దాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"మరదలి రాత ఇది. 'ఉండమని అడగాలి.' ఎవరడగాలి?" అని మూటల వెనకాల తొంగి చూసింది. "ఎవరూ కనబడరేం?"

నేను తాడు వైపు చూశాను.

"సున్నం వేశావా?"

"లేదు."

"బూజు?"

"లేదు."

"బస్తాలు?"

"ఉన్నాయి."

"మరి నన్నెందుకురా పిలుస్తున్నావ్, బస్తాల మీద పడుకోడానికా?"

"తప్పు చదివాను."

"ఏది తప్పు చదివావ్?"

"అంతా."

అక్క నవ్వలేదు. మూతి పక్కన మాత్రం ఏదో కదిలింది. లేచి చెప్పులు వెతుక్కుంది. అవి అప్పటికే ఏదో మూటలో కట్టేసింది. మూట విప్పింది, చెప్పులు తీసింది, మూట మళ్ళీ కట్టబోయి అలాగే వదిలేసింది. "చూసి వచ్చేస్తాను. నీ మొహం చూసి కాదు. మరదలు అంత రాసింది కదా, ఆ గది గతేంటో చూద్దామని" అంది.

గది గతి బాగోలేదు. బస్తాలు గోడవారగా కూలబడి ఉన్నాయి. ఒకటి చెమ్మకి రాయైపోయింది. విరిగిన పార, పరంజా కర్రలు, ఎప్పటివో మిగిలిన పలకలు. సాలెపురుగు ఒకటి మమ్మల్ని చూసి కూడా కదల్లేదు, ఇల్లు దానిదన్నట్టు. అక్క గుమ్మంలో ఆగింది. చెప్పులు విప్పలేదు. ఇక తిరుగుతుంది అనుకున్నాను. ఏదైనా అనాలి. ఏమనాలో తెలియక, కాగితంలో కింది నుంచి రెండోది పరదా కాబట్టి, పరదా గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరికి పోయాను.

చేతి మీద ఒక్కటి చరిచింది. "ఈ దుమ్ములో పరదా ఏంట్రా! ముందు బస్తా ఎత్తు."

తలకి గుడ్డ చుట్టుకుంది. నేను బస్తాలు దించుతుంటే తను కర్రకి చీపురు కట్టి బూజు దులిపింది. సాలెపురుగుని అట్టముక్క మీదికి ఎక్కించి కిటికీ బయట వదిలింది. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని రొట్టె, అరటిపళ్ళు తింటుండగా, కాగితం ఎలా చదివానో అక్క అడిగి చెప్పించుకుంది. సున్నం కలిపాను. నేను ఒక గోడ, తనొక గోడ.

"ఒరేయ్, ఇంతకీ నువ్వు నాతో మాటెందుకు మానేశావ్?"

"నేను మానలేదు. నువ్వే మానేశావనుకున్నాను."

"నేనా? పరంజా కింద నిలబడి గొంతు చించుకుని పిలిస్తే కిందికి చూశావా? నలుగురూ చూశారు, నువ్వు చూడలేదు."

"ఎప్పుడు?"

"డాక్టరుగారి మేడ కట్టేటప్పుడు."

"ఆ మేడకి నేను పనిచెయ్యలేదే."

కుంచె ఆగింది. "మరి పైన ఉన్నదెవరు? నీలం చొక్కా వేసుకుని, వీపు ఇటు పెట్టి."

"నాకు నీలం చొక్కా లేదు."

"పిలిస్తే పలకలేదురా. పలక్కపోతే నువ్వే అనుకున్నాను."

అక్క కుంచె డబ్బాలో పెట్టి, ఆ రోజు ఎవరి మీద అలిగి ఇంటికొచ్చిందో లెక్క చూసుకుంటున్నట్టు నిలబడింది.

"నువ్వేమో, మా తమ్ముడికి దేవుడు నోరు పెట్టడం మర్చిపోయాడు అన్నావట. రేడియో చెప్పాడు" అన్నాను.

"అన్నాను. నువ్వు పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉన్నాను. దానికి కొత్తగా కోపమొచ్చిందా?"

కోపమొచ్చిందో లేదో గుర్తులేదు. రాకపోతే మరి నేనెందుకు వెళ్ళలేదు? వచ్చి ఉంటే ఎప్పుడు పోయింది? ఎంత తవ్వినా అడుగు దొరకలేదు. మళ్ళీ కుంచె తీసుకున్నాను. తర్వాత "అక్కడ వదిలేశావు చూడు" అంది అక్క. వదిలేసిన చోట సున్నం వేశాను.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. మెట్ల మీద మంచం అడ్డంగా ఉంది. దాని మీద నుంచి ఎక్కి పైకి వచ్చేసరికి, అక్క ముక్కాలి పీట మీద నిలబడి ఉంది, ముఖం నిండా తెల్లటి చుక్కలు. నేల పిండిమర ముందులా ఉంది. గొళ్ళెం ఒక మేకుకి వేలాడుతోంది.

"వదినా! అయ్యయ్యో, మీరు దిగండి ముందు. ఏవండీ, ఆవిడ చేత పని చేయిస్తున్నారా?"

"కింది నుంచి మొదలుపెట్టాను" అన్నాను.

"ఏంటి కింది నుంచి?"

"మీ ఆయన నీ కాగితాన్ని గోడలా కడుతున్నాడమ్మాయ్" అంది అక్క పీట మీద నుంచే.

మా ఆవిడ గుమ్మంలో కూలబడింది. ఏవేవో గుర్తు చేసుకుంటున్నట్టుంది. "అయితే ఆ రోజు నేల…"

"ఊఁ."

"అడగొచ్చుగా!"

"ఆసుపత్రి పద్ధతనుకున్నాను."

"మరి సున్నం మాత్రం పైనుంచి వేస్తున్నారేం?"

"సున్నం పైనుంచే వెయ్యాలి. కారుతుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క పీట మీద ఊగిపోతూ నవ్వింది. మా ఆవిడ ఒడిలో మొహం దాచుకుని నవ్వింది. నేను చెప్పినదాంట్లో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ వాళ్ళ నవ్వు చూసి, సరే, పని జరిగిపోయింది, అక్క ఉండిపోయినట్టే అనుకున్నాను.

అక్క కిందికి దిగి మొహం కడుక్కుంది. తలగుడ్డ విప్పి దులిపి మడతపెట్టింది. చెప్పులు వేసుకుంది.

"గది బాగుందమ్మాయ్, గాలి వస్తోంది. ఎవరికైనా అద్దెకిచ్చుకోండి. వస్తాను. పొద్దున్నే బండి."

గేటు చప్పుడైంది. నాకు అర్థం కాలేదు. రోజంతా తన గదిలా చేసుకుంది. కిటికీ రెక్క ఎటు తెరవాలో, మంచం తల ఎటు పెట్టాలో అన్నీ తనే చెప్పింది. మరి ఇదేంటి?

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "అడిగారా?"

"తీసుకొచ్చానుగా."

"తీసుకురావడం కాదు. ఉండమని అడిగారా?"

పొద్దున్నుంచి జరిగిందంతా వెనక్కి తిప్పి చూసుకున్నాను. బస్తాలున్నాయి, బూజుంది, నీలం చొక్కా ఉంది. అది మాత్రం ఎక్కడా లేదు.

"ఆవిడ పొద్దున్నుంచీ దాని కోసమే కుంచె పట్టుకుని నిలబడిందండీ" అంది మా ఆవిడ. తిట్టినట్టు లేదు. మెల్లిగానే అంది.

బయటికి వచ్చాను. వెలుగు ఇంకా ఉంది. అక్క వీధి మలుపు దాకా పోయింది. పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తడం చూసి కుళాయి దగ్గర రేడియో లేచి నిలబడ్డాడు. మొట్టమొదటిసారి ఏమీ అనలేదు.

అక్క పక్కకి వచ్చి నడిచాను. తను ఆగలేదు. నేను వచ్చినట్టు తెలియనట్టే నడుస్తోంది. కొంతదూరం అలాగే పోయాం.

"ఉండు" అన్నాను.

"ఏంటీ?"

"ఉండక్కా. మా దగ్గర ఉండు. వెళ్ళకు."

"ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదు."

కొంగలా మెడ సాచి నా మొహంలోకి చూసింది, చిన్నప్పుడు పళ్ళు తోముకున్నానో లేదో చూసినట్టు. తర్వాత మళ్ళీ నడక మొదలుపెట్టింది, తన ఇంటి వైపే. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకేమనాలి? నా దగ్గరున్న మాటలన్నీ అనేశాను.

"మరి అటు పోతున్నావేంటక్కా?"

"బట్టలు తెచ్చుకోవద్దట్రా? ఒంటి మీద గుడ్డలతో ఎన్నాళ్ళుండమంటావ్?" అంది వెనక్కి తిరక్కుండా. "పొద్దున కట్టిన ఆ పెట్టె నువ్వే మొయ్యాలి. ముడి కూడా నువ్వే విప్పాలి."